ఊళ్లో మానేసినవాడు మడివాళలో మళ్లీ ఎందుకు మొదలుపెడతాడు?

మా పిన్ని కొడుకు మూడేళ్ల కిందట సంక్రాంతికి ఒంగోలు దగ్గర వాళ్ల ఊరెళ్లి మూడు వారాలు ఉన్నాడు. అప్పటికి వాడు బెంగళూరు బీటీఎం లేఅవుట్‌లో ఒక పీజీలో ఉంటూ రోజూ గంజాయి తాగుతున్నాడు. ఊళ్లో మొదటి నాలుగైదు రోజులు నిద్రపట్టలేదు, అన్నం సహించలేదు, పలకరించినవాళ్ల మీదల్లా కసురుకున్నాడు. జ్వరం తగిలిందేమో అని పిన్ని మిరియాల చారు పెట్టింది. వారం తిరిగేసరికి మామూలు మనిషయ్యాడు. పొద్దున్నే చెరువుగట్టు మీద నడిచేవాడు, అరిసెలు అడిగి మరీ తిన్నాడు. ఇక జన్మలో ముట్టనని వాళ్లమ్మ చేతిలో చెయ్యేసి చెప్పాడు. ఆ క్షణంలో వాడు అబద్ధమాడలేదు.

ఆదివారం తెల్లారి బెంగళూరు మడివాళలో బస్సు దిగాడు. పీజీ వీధి మొదట్లో టీ కొట్టు దగ్గర బ్యాగు కింద పెట్టి టీ చెప్పాడు. చాలా రోజుల తర్వాత నాతో అన్నాడు: "అన్నా, గ్లాసు చేతిలోకొచ్చింది. పక్కన ఎవడో సిగరెట్ వెలిగించాడు. అంతే, గుండె దడదడలాడింది, నోరూరింది. బస్సు దిగేదాకా నాకు ఆ ఆలోచనే లేదు." పదకొండు గంటలకల్లా మళ్లీ తాగాడు.

ఇంట్లో అందరం ఒకటే మాట అన్నాం. మొక్కై వంగనిది మానై వంగుతుందా అని. నేనూ అన్నాను. ఆ మాట తప్పని తెలుసుకునేలోపు వాడి జీవితంలో ఏడాదిన్నర పోయింది. ఆ ఏడాదిన్నర ఇంకో ఇంట్లో పోకూడదని ఇది రాస్తున్నాను.

ముందు ఆ టీ కొట్టు దగ్గర ఏం జరిగిందో చూద్దాం. డోపమైన్ అంటే ఆనందాన్నిచ్చే రసాయనం అని ఈమధ్య అందరూ అంటున్నారు. అది సగమే నిజం. 1990లలో వోల్ఫ్రామ్ షుల్ట్జ్ అనే శాస్త్రవేత్త కోతులతో చేసిన ప్రయోగాలు మిగతా సగం చెబుతాయి. ఒక సంకేతం చూపించి, కాసేపాగి కోతి నోట్లో పళ్లరసం చుక్క వేసేవారు. మొదట్లో రసం పడ్డప్పుడు మెదడులోని డోపమైన్ కణాలు చురుకయ్యేవి. కొన్నాళ్లకు సంకేతం కనబడగానే చురుకై, రసం పడ్డప్పుడు మామూలుగా ఉండిపోయేవి. సంకేతం వచ్చి రసం రాకపోతే వాటి పని మామూలు స్థాయి కన్నా కిందికి పడిపోయేది. అంటే డోపమైన్ ముఖ్యంగా మెదడుకు పాఠం చెబుతుంది: ఇది కనిపిస్తే అది వస్తుంది, గుర్తుపెట్టుకో, వెళ్లి తెచ్చుకో. పక్కింట్లో ఇంగువ పోపు పడితే మనకు ఆకలేయడం కూడా ఈ పాఠమే.

తిండి విషయంలో ఈ పాఠం ఒక హద్దు దగ్గర ఆగుతుంది. రోజూ తినే పప్పన్నంలో కొత్తేమీ ఉండదు కాబట్టి మెదడు దాన్ని అంత గట్టిగా రాసుకోదు. మత్తు పదార్థాలు ఆ హద్దును పక్కకు నెట్టేస్తాయి. ఒక్కొక్కటి ఒక్కో దారిలో వెళ్లినా చివరికి డోపమైన్‌ను పెంచుతాయి కాబట్టి, వెయ్యోసారి తాగినా మెదడు దాన్ని మొదటిసారి దొరికిన నిధిలాగే రాసుకుంటుంది. ఆ రాతలో మత్తు ఒక్కటే ఉండదు. టీ కొట్టు, లైటర్ చప్పుడు, ఫలానా ఫ్రెండ్ ఫోన్ రింగ్‌టోన్, శుక్రవారం సాయంత్రం లాగిన్ మూసేసిన గంట, అన్నీ ఉంటాయి. మా వాడికి ఊళ్లో ఆ గుర్తులేవీ కనబడలేదు. మడివాళలో దిగగానే అన్నీ ఒక్కసారి ఎదురొచ్చాయి.

దీనికి చరిత్రలో పెద్ద సాక్ష్యమే ఉంది. వియత్నాం యుద్ధంలో 1971 ప్రాంతంలో ఉన్న అమెరికా సైనికుల్లో సుమారు 20 శాతం మంది అక్కడ హెరాయిన్, నల్లమందు లాంటివాటికి బానిసలయ్యారు. వీళ్లంతా తిరిగొస్తే ఏమవుతుందోనని ఆ దేశం హడలిపోయింది. 1970లలో లీ రాబిన్స్ అనే పరిశోధకురాలు తిరిగొచ్చినవాళ్లను వెతికి పలకరించారు. అక్కడ బానిసలైనవాళ్లలో మొదటి ఏడాదిలో మళ్లీ ఆ స్థితికి వెళ్లింది సుమారు 5 శాతం మంది. అడవి, యుద్ధం, తోటి సైనికులు, చవగ్గా దొరికే సరుకు అన్నీ అక్కడే ఉండిపోయాయి. మనిషొక్కడే ఇంటికొచ్చాడు.

మనకు అంత దూరం వెళ్లక్కర్లేదు. ఏళ్ల తరబడి రోజూ తాగే మనిషి అయ్యప్ప మాల వేసుకుని 41 రోజులు చుక్క ముట్టకుండా ఉండడం మనందరం చూశాం. నల్లబట్టలు, చన్నీళ్ల స్నానం, పీఠం ముందు భజన, తోటి స్వాములు, 'స్వామీ' అనే పిలుపు. ఆ రోజుల్లో అతని చుట్టూ ఉన్న గుర్తులన్నీ మారిపోతాయి. ఎదురయ్యేవాళ్లు కూడా గ్లాసు చూపించరు. శబరిమల నుంచి వచ్చి మాల తీసిన రాత్రే మళ్లీ మొదలైతే ఊరంతా నవ్వుతుంది, దొంగ భక్తి అంటుంది. ఆ 41 రోజుల నిష్ఠ దొంగది కాదని నా నమ్మకం. పాత గుర్తులు ఎదురయ్యే 42వ రోజుకి అతని దగ్గర ఏ ఏర్పాటూ లేదు.

అలాగని తాగిన ప్రతివాడూ బానిస కాడు. 'నేను పదేళ్లుగా అప్పుడప్పుడు తాగుతున్నా, నాకేమైంది?' అనేవాళ్లు ప్రతి ఆఫీసులోనూ ఉంటారు. అమెరికాలో 1994లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం ప్రకారం, ఒక్కసారైనా వాడినవాళ్లలో బానిసయ్యే స్థితికి చేరింది పొగాకు విషయంలో 32 శాతం, హెరాయిన్ 23, కొకైన్ 17, మద్యం 15, గంజాయి 9 శాతం. గంజాయికి 9 చిన్నదిగా కనిపిస్తుంది. కానీ పదకొండు మంది కూర్చున్న పార్టీలో ఒకడని లెక్కేసుకోండి. ఆ ఒక్కడు ఎవరో ఆ రాత్రి ఎవరికీ తెలియదు. వంశంలో వచ్చే లక్షణాలది ఇందులో దాదాపు సగం పాత్ర. మా బాబాయి ముప్ఫై ఏళ్లుగా రోజూ తాగుతాడు. దాన్ని మా ఇంట్లో ఎవరూ జబ్బు అనుకోలేదు, కొడుకు గంజాయికి దానికి సంబంధం ఉంటుందనీ అనుకోలేదు. మిగతా సగంలో మొదలుపెట్టిన వయసు ముఖ్యం. ఆవేశాన్ని పట్టి ఆపే మెదడు ముందు భాగం పూర్తిగా ఎదగడానికి ఇరవై ఐదేళ్లు దాకా పడుతుంది. మా వాడు ఇంజినీరింగ్ రెండో ఏట మొదలుపెట్టాడు.

బెంగళూరులో మన పిల్లల బతుకు కూడా చూడాలి. ఇరవై రెండేళ్లకు మొదటి జీతం. మారతహళ్లిలోనో, ఎలక్ట్రానిక్ సిటీలోనో, బీటీఎంలోనో ఒక రూములో ముగ్గురు నలుగురు. ఆంధ్రా మెస్‌లో పప్పు, గోంగూర, కారప్పొడి దొరుకుతాయి, తెలుగు మాట్లాడేవాళ్లకు కొదవ లేదు. అయినా 'ఏంట్రా, మొహం అలా ఉంది' అని అడిగే మేనత్త లేదు. ప్రాజెక్టు పోతే, పని ఇవ్వకుండా బెంచ్ మీద కూర్చోబెడితే, ఇంటికి ఫోన్ చేసి 'అంతా బావుంది' అనే చెబుతారు. ఆ అబద్ధం బరువు రాత్రికి తెలుస్తుంది. మొదటిసారి తాగేది సరదాకి. పదోసారి నిద్ర కోసం. వందోసారి, తాగకపోతే వచ్చే చిరాకును భరించలేక. మొదట్లో ఇచ్చినంత మత్తు అదే మోతాదు ఇవ్వదు, మానేస్తే ఒళ్లు ఊరుకోదు. ఊళ్లో పిన్ని జ్వరమనుకున్నది అదే, గంజాయి మానినప్పుడు వచ్చే బాధ.

ఇక్కడ తిరిగే మిగతా సరుకు గురించి క్లుప్తంగా. ఎండీఎంఏ అంటే పార్టీల్లో మింగే బిళ్ల, వారాంతపు మత్తు. మనసును నిలకడగా ఉంచే సెరొటోనిన్ అనే మెదడు రసాయనాన్ని ఒక్కసారి ఖాళీ చేయిస్తుంది కాబట్టి శనివారం రాత్రి ఎగిరినవాడు మంగళవారానికి కారణం తెలియని దిగులులో కూరుకుపోతాడు. గుంపులో డ్యాన్సు చేస్తూ ఒళ్లు విపరీతంగా వేడెక్కి ప్రాణాలు పోయినవాళ్లున్నారు. పైగా ఆ బిళ్లలో నిజంగా ఏముందో అమ్మేవాడికీ తెలియదు. నొప్పి మాత్రలు, నిద్రమాత్రలు ఇంకో దారి. ట్రమడాల్ అనే నొప్పి మాత్రను 2018లో మాదకద్రవ్యాల చట్టం కిందికి తెచ్చాక చాలామంది అలాంటిదే అయిన టపెంటడాల్ వైపు మళ్లారు. ఈ మాత్రలు, నిద్రమాత్రలు, మద్యం కలిస్తే మనిషి నిద్రలోనే ఊపిరి ఆగి చనిపోవచ్చు. అలా పడి ఉన్నవాణ్ని 'పడుకోనీ, దిగుతుంది' అని వదిలేయకండి. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి, ఏం తీసుకున్నాడో డాక్టరుకు నిజం చెప్పండి. కొన్నాళ్లు మానేసి మళ్లీ పాత మోతాదు తీసుకునేవాళ్లకు ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ, ఒంటికి పాత తట్టుకునే శక్తి ఉండదు కాబట్టి.

వార్తల్లో కనిపించేవి ఎండీఎంఏ, విమానాశ్రయంలో థాయ్‌లాండ్ నుంచి వచ్చే ప్రయాణికుల సామాన్లలో దొరికే హైడ్రోపోనిక్ (మట్టి లేకుండా నీళ్లలో పెంచే) గంజాయి. లెక్కలు వేరే కథ చెబుతాయి. కేంద్ర సామాజిక న్యాయ శాఖ కోసం ఢిల్లీ ఎయిమ్స్ దేశమంతా చేసి 2019లో బయటపెట్టిన సర్వే ప్రకారం, 10 నుంచి 75 ఏళ్ల మధ్యవారిలో మద్యం తాగేవారు సుమారు 16 కోట్లు, గంజాయి, భంగు వాడేవారు 3.1 కోట్లు, నల్లమందు జాతి మత్తు వాడేవారు 2.26 కోట్లు. మద్యం వల్ల ఇబ్బందిలో పడి సాయం అవసరమైనవాళ్లే 5.7 కోట్లు. మద్యానికి బానిసైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందింది. ఆ అంకె దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. మిగతా 37 మంది ఇళ్లలో ఏం జరుగుతోందో నాకు తెలుసు కాబట్టి.

మద్యం గురించి మన నేలకి చెప్పడానికి చాలా ఉంది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రోశమ్మ లాంటి ఆడవాళ్లు సారా కొట్టు మీదికి నడిస్తే ఆ నిప్పు రాష్ట్రమంతా పాకి 1993లో సారా ఆగింది, 1995లో సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది, 1997లో పోయింది. ఆ ఆడవాళ్ల కోపం న్యాయమైనది. కానీ అప్పటికే ఒంటికి మద్యం అలవాటైన మనిషికి చట్టంతో పాటు ఆసుపత్రి కూడా కావాలని 2020 మార్చి చివర్లో మళ్లీ తేలింది. లాక్‌డౌన్‌తో వైన్ షాపులు, కల్లు దుకాణాలు మూతపడ్డ కొద్ది రోజులకే హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి జనం బారులు తీరారు. చేతులు వణుకుతూ, ఫిట్స్‌తో, లేనివి కనిపిస్తున్నాయని కేకలేస్తూ. తెలంగాణలో కల్తీ కల్లులో అల్ప్రాజోలం లాంటి నిద్రమందులు కలుపుతారు. కల్లే కదా అని తాగినవాళ్లు తమకు తెలియకుండానే వాటికి అలవాటుపడి ఉన్నారు.

అందుకే ఇది గట్టిగా చెప్పాలి. ఏళ్లుగా పొద్దున్నే మొదలుపెట్టి తాగే మనిషి ఒక్కసారిగా మానేయడం ప్రమాదం. మానిన ఒకటి రెండు రోజుల్లో ఫిట్స్, రెండు నుంచి నాలుగు రోజుల్లో స్పృహ తప్పి కలవరించడం రావచ్చు, ప్రాణం పోవచ్చు. ఆసుపత్రిలో మందులతో మెల్లగా దించితే ఇది తప్పుతుంది. ఇంకొకటి, 'తెలియకుండా అన్నంలో కలిపి పెట్టండి, తాగుడు మానేస్తాడు' అనే పొడులు, చుక్కల మందులు. మన ఆడవాళ్లు ఎంత ఆశతో అవి కొంటారో నాకు తెలుసు, మా పిన్నీ బాబాయి కోసం ఒకసారి తెప్పించింది. అలాంటివాటిలో డైసల్ఫిరామ్ (మద్యం ఒంటికి పడకుండా చేసే మందు) ఉంటే, దాని మీద మద్యం తాగగానే బీపీ పడిపోయి మనిషి పోవచ్చు. డాక్టరు ఆ మందును రోగికి తెలిసే, ఒప్పుకున్నాకే ఇస్తారు.

తిరిగి మా వాడి ఏడాదిన్నర దగ్గరికి వస్తాను. అందులో మొదటి ఆరు నెలలు పరువు కింద పోయాయి. చెల్లెలికి సంబంధాలు చూస్తున్నారు, బయటికి పొక్కకూడదు. మరో నాలుగు నెలలు 'పెళ్లి చేస్తే కుదురుకుంటాడు' అనే ఆలోచనలో పోయాయి. ఆ అమ్మాయి ఎవరో గానీ, ఆ సంబంధం తప్పిపోయినందుకు ఈరోజుకీ దేవుడికి దణ్ణం పెట్టుకుంటాను. తర్వాత పెదనాన్న ఎవరో చెప్పారని ఊరవతల ఒక ప్రైవేటు డీ-అడిక్షన్ సెంటర్‌లో పడేశారు. ఫోను లాక్కున్నారు, ఒక హాల్లో పదకొండు మందిని పెట్టి తాళం వేశారు, డాక్టరు మొహం చూడలేదు, ఎదురు మాట్లాడితే కొట్టారు. ముప్ఫయ్యో రోజు బయటికొచ్చి ఆ సాయంత్రమే తాగాడు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మానసిక చికిత్స ఇచ్చే సంస్థకు రిజిస్ట్రేషన్ ఉండాలి, రోగిని గొలుసులతో కట్టడం నిషేధం, అతని వివరాలు గోప్యంగా ఉంచాలి. సెంటర్‌కు ఫోన్ చేసినప్పుడు ఫీజు కన్నా ముందు అడగాల్సినవి రెండు: రిజిస్ట్రేషన్ ఉందా, సైకియాట్రిస్ట్ వారానికి ఎన్నిసార్లు చూస్తారు.

మిగిలిన కాలమంతా పోలీసుల భయం. ఆసుపత్రికి వెళితే కేసవుతుందేమో అని. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కఠినమైనది, నిజమే. ఎండీఎంఏ అర గ్రాము దాటితే చిన్న మోతాదు కాదు, పది గ్రాములు దాటితే వాణిజ్య మోతాదు అవుతుంది, పదేళ్లకు తగ్గని శిక్ష పడుతుంది. గంజాయికి ఆ హద్దులు 1 కిలో, 20 కిలోలు. ఇక్కడ మన పిల్లలు తెలియక ఇరుక్కునేది ఒకచోట ఉంది. అయిదుగురు డబ్బులు వేసుకుంటే ఒకడు వెళ్లి తెస్తాడు. వాడి దృష్టిలో అది స్నేహం, చట్టం దృష్టిలో సరఫరా. ఆ సరుకు మొదలయ్యే చోట కూడా మనవాళ్లే ఉన్నారు. ఆంధ్రా ఒడిశా సరిహద్దు ఏజెన్సీలో పండే శీలావతి గంజాయి బెంగళూరు, చెన్నైల దాకా వస్తుంది. 2021లో ఆంధ్రప్రదేశ్ పోలీసులు ఆపరేషన్ పరివర్తన పేరుతో వేల ఎకరాల తోటలు నరికించారు. కూలి డబ్బు కోసం మూట మోసి దొరికిపోయిన గిరిజన కుర్రాళ్లు జైళ్లలో ఏళ్లు గడుపుతున్నారు. బీటీఎంలో వెలిగే ఒక్కో సిగరెట్ వెనక వాళ్లుంటారు.

కానీ అదే చట్టంలో 64ఏ అనే సెక్షన్ ఉంది. వాడకం కేసో, చిన్న మోతాదు కేసో ఉన్నవాడు తనంతట తాను ప్రభుత్వ, లేదా ప్రభుత్వ గుర్తింపు ఉన్న ఆసుపత్రిలో చికిత్సకు చేరి దాన్ని పూర్తి చేస్తే ఆ కేసులో ప్రాసిక్యూషన్ ఉండదు. ఈ సంగతి మా ఇంట్లో ఎవరికీ తెలియదు. తెలిసి ఉంటే కొన్ని నెలలు ముందే వెళ్లేవాళ్లం.

చివరికి వెళ్లింది బెంగళూరు హోసూర్ రోడ్డులోని నిమ్హాన్స్ అనే పెద్ద మానసిక ఆరోగ్య ఆసుపత్రికి. అక్కడ వ్యసనాలకు ప్రత్యేకంగా సెంటర్ ఫర్ అడిక్షన్ మెడిసిన్ ఉంది. పిన్ని రాత్రి బస్సెక్కి వచ్చింది. ఓపీలో వరస పెద్దది. పక్క బెంచీ మీద అనంతపురం నుంచి వచ్చిన దంపతులు, వాళ్ల ముందు మదనపల్లె మనిషి, పిన్ని కాసేపటికి అందరి ఊళ్లూ కనుక్కుంది. తన ఒక్కర్తి ఇంట్లోనే కాదని అప్పుడే తెలిసిందనుకుంటా, కొంగుతో కళ్లు తుడుచుకుని తెచ్చిన పులిహోర వాళ్లకూ పెట్టింది. లోపల డాక్టరు మా వాణ్ని తిట్టలేదు. ఎప్పుడు తాగాలనిపిస్తుంది, ఎక్కడ, ఎవరితో, అంతకుముందు ఏం జరిగింది అని గంటసేపు అడిగారు. వాడు మొదట చెప్పింది టీ కొట్టు గురించే.

గంజాయి మాన్పించడానికి ప్రత్యేకమైన మాత్ర లేదు. మొదటి వారాల్లో నిద్రకు, చిరాకుకు మందులిస్తారు, తర్వాతదంతా కౌన్సెలింగ్‌తో వచ్చేదే. మద్యానికి తాగాలనే కోరికను తగ్గించే నాల్‌ట్రెక్సోన్ లాంటి మందులున్నాయి. హెరాయిన్, నొప్పి మాత్రల జాతికి బుప్రెనార్ఫిన్ ఉంది. అది బీపీ మాత్రలా చాలాకాలం వేసుకోవాల్సి రావచ్చు, దాన్ని ఇంకో వ్యసనం అనుకోవడం పొరపాటు. చికిత్స తర్వాత 40 నుంచి 60 శాతం మంది ఎప్పుడో ఒకసారి మళ్లీ జారతారు. బీపీ, ఆస్తమా రోగుల్లో జబ్బు తిరగబెట్టే లెక్కకూ దీనికీ పెద్ద తేడా లేదు. బీపీ పెరిగితే మందు మారుస్తాం గానీ మనిషిని ఇంట్లోంచి గెంటేయం కదా.

ఆసుపత్రికి వెళ్లే ధైర్యం రాకపోతే ముందు ఫోన్ చేయవచ్చు. 14446 కేంద్రం నడిపే డీ-అడిక్షన్ హెల్ప్‌లైన్. 14416 టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, 2022లో మొదలైంది, తెలుగులో మాట్లాడతారు. రెండూ ఉచితం. చెన్నైలో ఉన్నవాళ్లకు 1980 నుంచి ఇదే పనిలో ఉన్న టీటీకే ఆసుపత్రి ఉంది.

మా వాడు బీటీఎం ఖాళీ చేసి వైట్‌ఫీల్డ్‌కి మారాడు. పాత నంబర్లు తీసేశాడు. శుక్రవారం సాయంత్రాలు షటిల్ ఆడతాడు, ఆ గంటని ఖాళీగా ఉంచొద్దని కౌన్సెలర్ చెప్పారు. మధ్యలో ఒకసారి, ఒక ఫ్రెండ్ పెళ్లిలో, జారాడు. ఈసారి ఎవరం ఏమీ అనలేదు. మర్నాడు వాడే నాకు ఫోన్ చేసి, అన్నా, సోమవారం ఓపీకి తోడు వస్తావా అని అడిగాడు. వెళ్లాం. పిన్ని ఇప్పటికీ ప్రతి ఆదివారం పొద్దున్నే వాడికి ఫోన్ చేస్తుంది. తిన్నావా అని అడగడం మానేసింది. మొదట అడిగేది ఒక్కటే: "టీ ఎక్కడ తాగావు నాన్నా?"